ఆర్కైవ్స్ తాళంచెవులు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారనీ, అందరూ రాసే పేర్లు కాకుండా ఇంకెవరినైనా చెప్పమంటున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కదా, నాకు వెంటనే గుర్తొచ్చిన మనిషి జాన్ హోప్ ఫ్రాంక్లిన్. ఆయన నాయకుడు కాదు, చరిత్రకారుడు. ఆయన జీవితంలో ఒక పెద్ద ఘట్టం కేరీలోని మీ ఇంటికి దగ్గర్లోనే, మీ నార్త్ కరోలినా రాష్ట్ర రాజధాని రాలీలో జరిగింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1939లో ఆయనకు 24 ఏళ్ళు. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. బానిసత్వం ఉన్న రోజుల్లోనే నార్త్ కరోలినాలో బానిసలు కాని నల్లవాళ్ళు కూడా ఉండేవారు. 1860 నాటికి 30 వేలకు పైనే. వాళ్ళు ఎలా బతికారన్నది ఆయన పరిశోధన. అందుకు పాత ప్రభుత్వ కాగితాలు చూడాలి. అవన్నీ రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అక్కడికి వెళ్తే డైరెక్టర్ ఇబ్బందిలో పడ్డాడు. ఈ భవనం కట్టినప్పుడు ఒక నల్లజాతి పరిశోధకుడు వస్తాడని ఎవరూ అనుకోలేదన్నాడు. చదువుకునే హాల్లో తెల్లవాళ్ళ పక్కన కూర్చోబెట్టడం కుదరదు. ఒక వారం గడువు ఇమ్మన్నాడు. ఫ్రాంక్లిన్ ఏమీ అనకుండా అలాగే కూర్చున్నారు. ఆ మౌనం చూసి, పోనీ సగం వారం అన్నాడు. ఆ సగం వారంలో ఒక చిన్న గది ఖాళీ చేయించి, బల్లా కుర్చీ వేయించాడు. పాత కాగితాలు తెచ్చిచ్చే పని అక్కడ తెల్ల సిబ్బందిది. వాళ్ళు నల్లవాడికి అందించడానికి ఒప్పుకోరేమోనని, కాగితాలు దాచిన గదుల తాళంచెవులే ఫ్రాంక్లిన్ చేతికిచ్చాడు!

పరిశోధకుడికి అంతకన్నా కావలసిందేముంటుంది? తనంతట తాను లోపలికి వెళ్ళి, కావలసిన పెట్టెలు తెచ్చుకుని చదువుకున్నారు. రెండు వారాలు గడిచాయో లేదో తెల్ల పరిశోధకులు ఫిర్యాదు చేశారు. మాకు లేని సౌకర్యం అతనికెందుకు, మాకూ తాళంచెవులు ఇవ్వండి అన్నారు. దాంతో తాళంచెవులు వెనక్కి తీసుకుని, మిగతావాళ్ళకు ఇచ్చినట్టే ఆయనకూ కాగితాలు తెచ్చివ్వమని సిబ్బందికి చెప్పారు. ఈ సంగతి ఎప్పుడు చదివినా నేను కాసేపు ఆగిపోతాను. మనుషుల్ని వేరు చేయడానికి పెట్టిన నియమం రెండు వారాలు కూడా నిలబడలేకపోయింది.

ఆ కాగితాల్లో ఆయనకు ఏం దొరికిందనుకుంటున్నారు? భూములు కొన్నవాళ్ళు, వడ్రంగులు, పన్నులు కట్టినవాళ్ళు, చదువు చెప్పినవాళ్ళు. 1835లో రాష్ట్రం లాక్కునేదాకా స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళకు అక్కడ ఓటు కూడా ఉండేది. అప్పటి పాఠ్యపుస్తకాల్లో వీళ్ళ ఊసే లేదు. ఆ పరిశోధన 1943లో పుస్తకంగా వచ్చింది. 1947లో ఆయన నల్లజాతి అమెరికన్ల మొత్తం చరిత్రను ఒకే గ్రంథంగా రాస్తే, అది 30 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది.

ఇక చిన్ననాటి సంగతి. ఓక్లహోమాలో రెంటీస్‌విల్ అనే నల్లవాళ్ళ ఊళ్ళో 1915లో పుట్టారు. ఆరేళ్ళప్పుడు తల్లితో, అక్కతో రైలెక్కి తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్నారని కండక్టర్ రైలు ఆపి ముగ్గుర్నీ దారి మధ్యలో దించేశాడు. అడవి దారిన ఇంటికి నడుస్తూ పిల్లాడు ఏడుస్తుంటే, ఏడవడానికి ఓపిక ఖర్చు చేసుకోకు, నువ్వు ఎవరికీ తక్కువ కాదని చూపించడానికి దాచుకో అందట తల్లి.

సొంత రాష్ట్రం యూనివర్సిటీలో ఆయనకు ప్రవేశమే లేదు. నాష్‌విల్‌లో నల్లవాళ్ళ కోసం పెట్టిన ఫిస్క్‌లో డిగ్రీ చదివారు. హార్వర్డ్‌లో సీటొచ్చింది కానీ డబ్బు లేదు. ఫిస్క్‌లో చరిత్ర చెప్పిన థియోడర్ కరియర్ అనే తెల్ల మాస్టారు బ్యాంకులో 500 డాలర్లు అప్పు చేసి పంపించారు. శిష్యుడి కోసం అప్పు చేసిన ఆ మాస్టారి పేరు మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయండి.

ఆ ఓక్లహోమా యూనివర్సిటీయే తర్వాత, కోర్టు చెప్పాక, జార్జ్ మెక్‌లారిన్ అనే నల్లజాతి ఉపాధ్యాయుణ్ణి విద్యార్థిగా చేర్చుకుంది. కానీ క్లాసులో కాకుండా పక్క గదిలో కూర్చోబెట్టింది. లైబ్రరీలో వేరే బల్ల, క్యాంటీన్లో వేరే బల్ల. 1950లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ వేరే స్కూళ్ళలో చదివించడం మీద కేసు వచ్చినప్పుడు, చట్టం అందరినీ సమానంగా కాపాడాలన్న 1868 నాటి రాజ్యాంగ సవరణ చేసినవాళ్ళ ఉద్దేశమేమిటని కోర్టు అడిగింది. అది చరిత్ర ప్రశ్న! నల్ల పిల్లల తరఫున వాదిస్తున్న లాయర్ తర్గుడ్ మార్షల్ చరిత్రకారుల్ని పిలిచారు. వాషింగ్టన్‌లో పాఠాలు చెబుతున్న ఫ్రాంక్లిన్ 1953లో వారం వారం రైల్లో న్యూయార్క్ వెళ్ళి పనిచేశారు. 1954 మే 17న తీర్పు వాళ్ళ పక్షాన వచ్చింది.

1956లో బ్రూక్లిన్ కాలేజీ చరిత్ర శాఖకు అధిపతి అయితే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. అంత పేరున్నా అక్కడ ఇల్లు కొనుక్కోవడానికి నానా అవస్థా పడ్డారు. 1965లో నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం అలబామాలో సెల్మా నుంచి మాంట్‌గోమరీ దాకా సాగిన నడకలో ఆయన కూడా ఉన్నారు. వలస చట్టం మారి మనవాళ్ళకు అమెరికా తలుపు తెరుచుకున్నది కూడా ఆ ఏడాదే. ఈ రెండూ ఒకే గాలిలో జరిగినవని నా నమ్మకం.

మీరు క్రికెట్‌కి వెళ్ళే డర్హమ్‌లో 1943 నుంచి నల్లవాళ్ళ కాలేజీలో ఆయన పాఠాలు చెప్పారు. అదే ఊళ్ళోని డ్యూక్ యూనివర్సిటీ 1963 దాకా డిగ్రీలో ఒక్క నల్ల విద్యార్థినీ చేర్చుకోలేదు. 1983లో ఆ డ్యూకే ఆయన్ని ప్రొఫెసర్‌గా పిలిచింది. 2009లో డర్హమ్‌లోనే కన్నుమూశారు.

ఆర్కైవ్స్ ఇప్పుడు రాలీ జోన్స్ వీధిలో వేరే భవనంలో ఉంది. ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు. అమ్మని తీసుకెళ్ళమనండి. మీ వేక్ కౌంటీ పాత కాగితాలు కావాలని అడగండి. ఏం దొరికిందో నాకు రాయండి, ఫోన్లో చెప్పడం కాదు.

మీ తాతయ్య