కోడ్ చెప్పేది సగమే: ఓబీడీ గురించి అపోహలు, వాస్తవాలు

"ల్యాప్‌టాప్ పెట్టి చూడండి, ఏం పోయిందో అదే చెబుతుంది" అంటూ బండి తెచ్చేవాళ్లు చాలామంది. ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి, ఒక్కో లోపానికి ఒక్కో కోడ్ రాసిపెట్టుకునే వ్యవస్థ; సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి ఆ కోడ్‌లు చదువుతారు. అది అంత మాట చెప్పదు.

అపోహ: కోడ్‌లో పేరున్న భాగం మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, తన కంటికి కనిపించిన తేడాను మాత్రమే రాసిపెడుతుంది. పీ0171 అనే కోడ్ సంగతే చూడండి. ఇంజిన్‌లో గాలి ఎక్కువైంది, ఇంధనం చాలడం లేదని దాని అర్థం. ఆ కబురు మోసింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలా చోట్ల ముందు దాన్నే పీకేస్తారు. కబురు తెచ్చినవాడికే శిక్ష! అసలు దోషి ఇన్‌టేక్ దగ్గర చిట్లిన రబ్బరు గొట్టం కావచ్చు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ కావచ్చు, నీరసించిన పెట్రోలు పంపు కావచ్చు. తేల్చుకోవాలంటే లైవ్ డేటాలో (ఇంజిన్ నడుస్తుండగా కనిపించే అంకెల్లో) ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె అది. ఐడ్లింగ్‌లో +20 శాతం ఉన్న ట్రిమ్ 2,500 ఆర్‌పీఎం దగ్గర +5కు దిగితే గాలి లీకు కోసం వెతకండి. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పంపు ప్రెషర్, ఫిల్టర్, ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు వెళ్లండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. సెన్సర్ ధరతో పోలిస్తే అదేమంత ఎక్కువ?

అపోహ: కోడ్ చెరిపేస్తే రోగం కుదిరినట్టే.

వాస్తవం: ఆరేది లైటు మాత్రమే. దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డు కూడా పోతుంది. లోపం నమోదైన క్షణంలో వేగం, కూలెంట్ వేడి, లోడ్ ఎంతో అందులోనే ఉంటాయి. కాబట్టి ముందు సేవ్ చేసుకుని, తర్వాతే చెరపండి. పాత కారు కొనేవాళ్లు రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడాలి. చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే.

అపోహ: సాకెట్ పడితే ఏ కారైనా మాట్లాడుతుంది.

వాస్తవం: 16 పిన్నుల సాకెట్ ఒకేలా కనిపించినా లోపలి భాష వేరు కావచ్చు. క్యాన్ అనే భాష అయితే 6, 14 పిన్నులు, కే-లైన్ అనేది అయితే 7వ పిన్ను. మన దేశంలో బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ-2 (ఓబీడీ రెండో తరం) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో కంపెనీ సొంత పద్ధతి ఉంటే సాకెట్‌లో పెట్టి ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో కలిపే మామూలు అడాప్టర్‌కు జవాబు రాదు. అన్నట్టు, బజారులో దొరికే చవక అడాప్టర్లలోని ఈఎల్ఎం327 చిప్ "వెర్షన్ 1.5" అనేదాన్ని ఆ చిప్ తయారుచేసిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఎన్నడూ విడుదల చేయలేదు. అవన్నీ నకళ్లే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సగం ఆదేశాలకు నోరు విప్పవు.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేనిదే ఏమీ చదవలేం.

వాస్తవం: ప్రాథమిక సమాచారం టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే మామూలు ప్రోగ్రామ్‌లో) కూడా చదవవచ్చు. ఆర్‌పీఎం అడిగే ఆదేశం 010సీ అని పంపితే 41 0సీ 1ఏ ఎఫ్8 అని జవాబు వచ్చిందనుకోండి. చివరి రెండు బైట్లు, 1ఏ ఎఫ్8, హెక్సాడెసిమల్ (16 ఆధారంగా రాసే) అంకెలు; మామూలు లెక్కలో వాటి విలువ 6904. నాలుగుతో భాగిస్తే 1726, అదే ఆర్‌పీఎం. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ సంగతులకు మాత్రం ఆ కంపెనీ బండ్లకు తగిన సాఫ్ట్‌వేర్ కావలసి వస్తుంది.

అపోహ: అడాప్టర్ అలాగే వదిలేసినా నష్టం లేదు.

వాస్తవం: 16వ పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. రోజుల తరబడి నిలిపే బండిలో అడాప్టర్ తీసేయండి. ఈసీయూ ప్రోగ్రామింగ్ (దాని సాఫ్ట్‌వేర్ మార్చడం) అయితే మరింత జాగ్రత్త: మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ మూగబోవచ్చు. బండి బ్యాటరీకి స్థిరమైన సప్లై తగిలించి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసుకోండి. చవక బ్లూటూత్ అడాప్టర్‌తో ఆ పని మొదలే పెట్టకండి.