అమెరికా ప్రయాణం, రాజకీయం: మన ఇళ్లలో తిరిగే అపోహలు – వాస్తవాలు

అమెరికా ప్రయాణం అనగానే మన ఇళ్లలో సలహాలకు కొదవ ఉండదు. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు ఒకటి చెబుతాడు, న్యూజెర్సీలో ఉన్న పెద్దమ్మ కూతురు దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. టెక్సస్ చట్టం వేరు, న్యూజెర్సీ చట్టం వేరు. డ్రైవింగ్ లైసెన్సు, అమ్మకం పన్ను, ఓటర్ల నమోదు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. కొన్ని పనులు మన జిల్లాలాంటి కౌంటీల చేతిలో ఉంటాయి. కాబట్టి ఎవరైనా "అమెరికాలో ఇంతే" అంటే ముందు "ఏ రాష్ట్రంలో?" అని అడగండి. కింద చెప్పే అపోహల్లో కొన్ని ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పదేళ్ల వీసా ఉంది కాబట్టి ఎన్నాళ్లైనా ఉండొచ్చు

వీసా అంటే అమెరికా గుమ్మం దాకా వెళ్లి "లోపలికి రావచ్చా" అని అడిగే హక్కు, అంతే. రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అన్నది అక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఉండే సీబీపీ (కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ) అధికారి నిర్ణయం. ఆ గడువు ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. బి-2 వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. చూసుకోవలసింది వీసా మీదున్న తేదీని కాదు, ఐ-94లో ఉన్న తేదీని.

దిగిన రెండు మూడు రోజుల్లోనే సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ వివరాలిచ్చి ఐ-94 ప్రింట్ తీసుకోండి. పేరు, వీసా తరగతి, గడువు తేదీ మూడూ సరిచూడండి. తప్పుంటే సీబీపీవారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో సరిదిద్దుతారు. తిరుగు టికెట్ చూసుకునేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి: అక్కడ తేదీలో నెల ముందు వస్తుంది. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు.

గడువు దాటి ఒక్క రోజు ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది, ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నా సరే. 180 రోజులు మించి అక్రమంగా ఉండి బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఆరోగ్యం బాగాలేకో మరో కారణంతోనో ఉండక తప్పకపోతే, గడువు ముగియకముందే పొడిగింపు కోరుతూ ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి. ముగిశాక పెడితే మామూలుగా ఒప్పుకోరు.

అపోహ: పదివేల డాలర్లకు మించి తీసుకెళ్లకూడదు, పచ్చళ్లు కనిపిస్తే పారేస్తారు

అమెరికా వైపు నుంచి డబ్బుకు పరిమితి లేదు. పదివేల డాలర్లు దాటితే చెప్పి, ఫారం నింపాలి. కుటుంబమంతా కలిసి వెళ్తుంటే అందరి దగ్గరున్నదీ కలిపి లెక్కిస్తారు. భార్యాభర్తలు ఆరేసి వేలు విడివిడిగా పెట్టుకుని చెప్పకుండా దాటితే డబ్బు స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది.

ఆవకాయ, గోంగూర పచ్చళ్లకు మామూలుగా ఇబ్బంది ఉండదు. చికెన్, మటన్ పచ్చళ్లు పనికిరావు. కరివేపాకు అసలు తీసుకెళ్లొద్దు: నిమ్మ, బత్తాయి జాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. ఫ్లోరిడా తోటలు ఆ తెగులుతోనే దెబ్బతిన్నాయి. బియ్యం కూడా వద్దు, ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయం వల్ల మన దేశం నుంచి సామాన్లలో బియ్యాన్ని అనుమతించరు. ఏది తెచ్చినా "తినే వస్తువులున్నాయి" అని చెప్పేయండి. చెప్పాక తీసేసుకుంటే పోయేది ఆ వస్తువే. దాచి దొరికితే జరిమానా పడుతుంది.

మధ్యలో ఇంకో విమానం మారాల్సి ఉంటే, అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. శంషాబాద్‌లో "చివరిదాకా వేశాం" అన్నా మామూలుగా ఇదే పద్ధతి. అబుదాబిలో మాత్రం ఆ తనిఖీ అక్కడే పూర్తిచేసి ఎక్కిస్తారు, కాబట్టి అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లాగే బయటికి వచ్చేయొచ్చు.

అపోహ: న్యూయార్క్‌లోనే నయాగరా

న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది, న్యూయార్క్ నగరంలో కాదు. నగరం నుంచి దాదాపు 650 కిలోమీటర్లు, కారులో ఏడు గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి రావడం పెద్దవాళ్లతో కుదిరే పని కాదు. వంతెన దాటి కెనడా వైపు నుంచి చూడాలంటే కెనడా వీసా విడిగా కావాలి. రాజధాని వాషింగ్టన్ తూర్పు తీరాన ఉంటే, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం పడమటి తీరాన ఉంది. టికెట్ కొనేటప్పుడు ఊరితోపాటు రాష్ట్రం పేరూ చూడండి.

అపోహ: టిప్ అంటే ఇష్టముంటే ఇచ్చేది

కూర్చుని తినే రెస్టారెంట్‌లో టిప్ అనేది వడ్డించినవారి జీతంలో భాగం. కేంద్ర చట్టం ప్రకారం టిప్ తీసుకునే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్‌తో కలిపినా 7.25 డాలర్ల కనీస వేతనం రాకపోతే మిగతాది యజమాని భరించాలి. టెక్సస్‌లో ఇప్పటికీ ఇదే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో టిప్‌తో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. అయినా అక్కడ కూడా టిప్ ఇవ్వడం ఆనవాయితీ.

పన్ను కలపకముందున్న మొత్తం మీద 15 నుంచి 20 శాతం మర్యాద. ఆరుగురికి మించి వెళ్తే కొన్నిచోట్ల గ్రాట్యుటీ పేరుతో ముందే కలిపేస్తారు, బిల్లు చూడకుండా రెండోసారి ఇవ్వకండి. కార్డు గీశాక తెచ్చే చీటీలో టిప్ గీతమీద అంకె, కింద మొత్తం రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే అసలు మొత్తం కార్డు నుంచి పోతుంది. కాఫీ కౌంటర్‌లో, పార్సిల్ తీసుకునేటప్పుడు తెర మీద కనిపించే 20, 25 శాతాలకు మొహమాటపడక్కర్లేదు, "నో టిప్" నొక్కినా ఎవరూ ఏమీ అనుకోరు.

దుకాణాల్లో వస్తువుల ధర చీటీ మీద ఉన్నది పన్ను లేని ధర. ఒరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూహాంప్‌షైర్‌లో రాష్ట్ర అమ్మకం పన్ను లేదు, కాలిఫోర్నియాలో తక్కువలో తక్కువ 7.25 శాతం.

అపోహ: పోలీసు ఆపితే కారు దిగి మాట్లాడటం మర్యాద

మన దగ్గర బండి పక్కన పెట్టి, కాగితాలు పట్టుకుని ఎస్సై దగ్గరికి నడుస్తాం. అక్కడ అలా దిగితే అధికారి దాన్ని తన మీదికి వస్తున్నట్టుగా అర్థం చేసుకుంటాడు. చాలామంది దగ్గర తుపాకులుండే దేశంలో ఆయన భయానికి కారణం ఉంది. వెనక లైట్లు వెలగగానే కుడివైపు ఆపండి, ఇంజన్ ఆపండి, అద్దం దించండి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచండి. లైసెన్సు సంచిలోనో డ్యాష్‌బోర్డు అరలోనో ఉంటే "అక్కడుంది, తీస్తున్నాను" అని చెప్పి తీయండి. చలానా అక్కడికక్కడ కట్టేది కాదు, ఆన్‌లైన్‌లోనో కోర్టులోనో కట్టాలి. చేతిలో డబ్బు పెట్టబోతే అది లంచం కేసు.

పసుపు స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే వెనకున్నవారే కాదు, ఎదురొచ్చేవారూ ఆగాలి. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురుగా వచ్చేవారికి మినహాయింపు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఎర్ర సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగి, ఖాళీ చూసుకుని కుడికి తిరగడం దాదాపు అన్నిచోట్లా సరే. న్యూయార్క్ నగరంలో మాత్రం అనుమతిస్తూ బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు.

పెట్రోల్‌ను గ్యాస్ అంటారు. పంపు జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడిగితే మన బ్యాంకు కార్డుకు అది ఉండదు కాబట్టి, లోపలికెళ్లి పంపు నంబరు చెప్పి ముందే డబ్బు కట్టండి. న్యూజెర్సీలో ఈ తిప్పలుండవు, అక్కడ పెట్రోల్ స్వయంగా కొట్టుకోవడం చట్టరీత్యా కుదరదు, బంకు మనిషే కొడతాడు.

అపోహ: ఇన్సూరెన్స్ లేకపోతే ఆసుపత్రి గేటు కూడా దాటనివ్వరు

1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలి. డబ్బు, ఇన్సూరెన్స్, వీసా చూసి వెనక్కి పంపకూడదు. గుండెనొప్పి వచ్చినప్పుడు ఖర్చుకు భయపడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయకుండా కూర్చోవడమే ప్రమాదం. అలాగని అది ఉచితమనీ కాదు, బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. జ్వరం, బెణుకు, దద్దుర్లలాంటి వాటికి ఎమర్జెన్సీ బదులు అర్జెంట్ కేర్ అనే క్లినిక్‌కు వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

పెద్దవాళ్లకు పాలసీ కొనేటప్పుడు ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఫిక్స్‌డ్ రకం చవక. కానీ ఒక్కో చికిత్సకూ ఇంత అని పట్టికలో రాసిన సొమ్మే ఇస్తుంది, మిగతాది ఎంతైనా మీదే. కాంప్రహెన్సివ్ రకంలో డిడక్టబుల్ అనే మొదటి వాటా మీరు కట్టాక, మిగతాదాంట్లో ఎక్కువ భాగాన్ని పాలసీ పరిమితి దాకా కంపెనీ భరిస్తుంది. బీపీ, షుగర్ ఉన్నవారు "అక్యూట్ ఆన్‌సెట్" అనే షరతు చదవాలి. పాతజబ్బు హఠాత్తుగా ముదిరితేనే అది వర్తిస్తుంది, మామూలు చెకప్‌కు కాదు. వయసు పరిమితి, ఎన్ని గంటల్లో వైద్యం మొదలవ్వాలి అన్నవి కూడా అందులోనే ఉంటాయి.

పెద్ద బిల్లు వస్తే కంగారుగా కార్డు మీద కట్టేయకండి. ముందు ఐటమైజ్డ్ బిల్లు, అంటే వరసవారీ లెక్క అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ విధానం రాతపూర్వకంగా ఉండటం తప్పనిసరి, ఆ దరఖాస్తు అడగండి.

మందులు ఒరిజినల్ పట్టీల్లోనే, జెనరిక్ పేర్లున్న డాక్టరు చీటీతో తీసుకెళ్లండి. డోలో అంటే అక్కడ ఎవరికీ తెలియదు. పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. ఇటు డోలో, అటు టైలెనాల్ రెండూ వేసుకుంటే ఒకే మందు రెండింతలై కాలేయం మీద పడుతుంది.

అపోహ: గవర్నర్ అంటే మన రాష్ట్ర గవర్నర్ లాంటివారే

అక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రితో సమానం. ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. అధ్యక్షుడు నియమించలేడు, తీసేయలేడు. రాష్ట్రపతి పాలన విధించే మన 356వ అధికరణం లాంటిది అమెరికా రాజ్యాంగంలో లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ కూడా ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ లాంటి పదవి కాదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయింది ఎన్నికల్లో గెలిచే.

అధ్యక్ష ఎన్నికలోనూ లెక్క రాష్ట్రాలవారీగానే. అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు. మొత్తం 538, గెలవడానికి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రంలోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవారికే ఆ రాష్ట్ర ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. అందుకే 2000లో, 2016లో దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చినవారు అధ్యక్షులయ్యారు. మన దగ్గరా ప్రధానిని తేల్చేది ఓట్ల శాతం కాదు, సీట్లు. అలా చూస్తే ఇది అంత వింతేమీ కాదు. మనకు నిజంగా కొత్తది వేరే ఉంది: దేశమంతటికీ ఎన్నికలు జరిపే ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఎఫ్ఈసీ అనే సంస్థ చూసేది ప్రచార నిధులను మాత్రమే. పోలింగ్, లెక్కింపు రాష్ట్రాలు, కౌంటీల పని. పోస్టల్ ఓట్ల కవర్లు ఎప్పుడు తెరవాలన్నది కూడా రాష్ట్ర చట్టమే చెబుతుంది కాబట్టి ఒకచోట రాత్రికే తేలిపోతుంది, ఇంకోచోట రోజులు పడుతుంది. ఆలస్యమైనంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు.

అపోహ: షట్‌డౌన్ అంటే ప్రభుత్వం పడిపోవడం

మన దగ్గర లోక్‌సభలో బడ్జెట్ ఓడితే ప్రభుత్వం దిగిపోతుంది. అక్కడ అధ్యక్షుడి పదవీకాలానికీ బడ్జెట్‌కీ సంబంధం లేదు. అక్టోబర్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నిధులు ఆమోదించకపోతే కొన్ని కార్యాలయాలు మూతపడతాయి. 2025లో అది 43 రోజులు సాగింది. విమానాశ్రయ తనిఖీ సిబ్బంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు ఆ రోజుల్లో జీతం అందకపోయినా పనిచేయాలి. విమానాలు నడుస్తాయి కానీ ఆలస్యాలు పెరుగుతాయి, జాతీయ ఉద్యానవనాల్లో సేవలు తగ్గుతాయి. ఆ సమయంలో ప్రయాణముంటే కనెక్షన్‌కు ఎక్కువ వ్యవధి పెట్టుకోండి.

అపోహ: లైసెన్సు ఆఫీసులో అడిగిన ప్రతిదానికీ "యస్" అంటే పని త్వరగా అవుతుంది

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇది. 1993 చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే కార్యాలయంలోనే ఓటరు నమోదు కూడా చేస్తారు. ఫారంలోనో తెర మీదో "ఓటరుగా నమోదు కావాలా?" అన్న ప్రశ్న వస్తుంది. విద్యార్థి వీసా, హెచ్-1బి, హెచ్-4, ఆఖరికి గ్రీన్‌కార్డు ఉన్నవారైనా దానికి "నో" అనే చెప్పాలి. పౌరులా అని అడిగినా "నో" అనే. పౌరులు కానివారు కేంద్ర ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. పౌరులమని తప్పుగా చెప్పడం ఒక్కటే గ్రీన్‌కార్డుకు అడ్డం కావచ్చు, దేశం నుంచి పంపించేయడానికీ దారితీయవచ్చు. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా?" అని సూటిగా అడుగుతారు.

విరాళాల్లోనూ తేడా ఉంది: గ్రీన్‌కార్డు ఉన్నవారు అభ్యర్థికి డబ్బు ఇవ్వొచ్చు, హెచ్-1బి వారు, విద్యార్థులు ఇవ్వకూడదు.

తెలియక నమోదై ఉంటే కౌంటీ ఎన్నికల కార్యాలయానికి రాసి పేరు తీయించుకోండి. తీసేసినట్టు రాతపూర్వక ధ్రువీకరణ తెప్పించుకుని దాచండి. ఎన్-400 పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుకు ఆ కాగితం చూపించండి. పోస్టులో ఓటరు కార్డు వచ్చినా, బ్యాలెట్ వచ్చినా ఓటు మాత్రం వేయకండి.