బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ కోచ్ కుర్చీలోకి: డగ్ పెడర్సన్ ప్రస్థానం

ఏటా జనవరిలో అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌లు ముగియగానే కోచ్‌ల ఉద్యోగాలు ఊడటం మొదలవుతుంది. కొత్త కోచ్ కోసం వెతికే యజమానులు తరచూ ఆరా తీసే రకం ఒకటుంది. ఆటగాడిగా పెద్దగా పేరు రాని మాజీ క్వార్టర్‌బ్యాక్. మిన్నెసోటా వైకింగ్స్ 2022లో తీసుకున్న కెవిన్ ఓకానెల్ అలాంటివాడే. ఒకప్పుడు స్టార్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి బ్యాకప్, అంటే బెంచి మీద కూర్చునే రెండోవాడు. ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే డగ్ పెడర్సన్ సంగతి చూడాలి.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది చేత్తో బంతి పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి. ప్రతిసారీ బంతి అందుకుని, విసరాలో ఇంకొకరి చేతికివ్వాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. జట్టులో ఇద్దరు ముగ్గురు ఉన్నా మైదానంలో ఉండేది దాదాపు ఎప్పుడూ ఒక్కడే. రెండోవాడి పరిస్థితి మన క్రికెట్‌లో రిజర్వ్ వికెట్‌కీపర్‌లాంటిది. మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప పిలుపు రాదు. కానీ ప్లేబుక్ (జట్టు ఎత్తుల పుస్తకం) అంతా అతనికీ కంఠతా రావాలి. వారమంతా వీడియోలు చూడాలి, కోచ్‌ల మీటింగుల్లో కూర్చోవాలి. ఆడకపోయినా చదువు మాత్రం తప్పదు.

పెడర్సన్ ఇలా పదేళ్లకు పైగా గడిపాడు. 1991లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. మయామీ డాల్ఫిన్స్‌లో చేరాడు, అక్కడ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా స్టార్ ఆటగాడు డాన్ మరీనో ఉన్నాడు. 1993లో మరీనో గాయపడ్డాడు, నవంబర్ 14న ఫిలడెల్ఫియాలో అతని స్థానంలో ఆడుతున్న స్కాట్ మిచెల్ కూడా గాయపడ్డాడు. అప్పుడు దిగాడు పెడర్సన్. 19-14తో డాల్ఫిన్స్ గెలిచింది. కోచ్ డాన్ షూలాకు అది 325వ విజయం, లీగ్ చరిత్రలోనే కొత్త రికార్డు. ఆ రికార్డు మ్యాచ్‌ను ముగించింది మూడో నంబర్ కుర్రాడన్నది చాలామందికి గుర్తుండదు.

తర్వాత గ్రీన్ బే జట్టులో క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ వెనక నిలబడ్డాడు, 1996 సీజన్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టులో ఉన్నాడు. అక్కడ అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఆండీ రీడ్ 1999లో ఫిలడెల్ఫియా ఈగల్స్ హెడ్ కోచ్ అయ్యాక పెడర్సన్‌నూ వెంట తీసుకెళ్లాడు. అతని అసలు పని కొత్త కుర్రాడు డోనవన్ మెక్‌నాబ్ సిద్ధమయ్యేదాకా జట్టును లాక్కురావడం. తొమ్మిది మ్యాచ్‌ల్లో రెండే గెలిచారు. ఫిలడెల్ఫియా జనం గొంతు చించుకుని హేళన చేశారు. ఆ ఊరి అభిమానుల నోటికి ఎవరూ అతీతులు కారు.

2004 సీజన్ తర్వాత ఆట మానేసి లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హైస్కూల్ జట్టుకు నాలుగేళ్లు కోచింగ్ ఇచ్చాడు. 2009లో రీడ్ మళ్లీ పిలిచి ఈగల్స్‌లో అట్టడుగు కోచింగ్ పని ఇచ్చాడు. తర్వాత కాన్సాస్ సిటీలో రీడ్ కిందే అఫెన్స్ (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట) చూసుకున్నాడు. 2016లో ఈగల్స్ అతన్ని హెడ్ కోచ్‌ను చేసింది. మరుసటి ఏడు, లీగ్‌లో దశాబ్దాలు పనిచేసిన ఒక మాజీ అధికారి ఇంత అర్హత లేనివాణ్ని చూడలేదని బహిరంగంగానే అన్నాడు.

2017 సీజన్‌లో ఈగల్స్ దూసుకుపోతుండగా డిసెంబర్ 10న క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతింది. మిగిలింది బ్యాకప్ నిక్ ఫోల్స్. ఇక్కడే అసలు విషయం ఉందనిపిస్తుంది నాకు. హెడ్ కోచ్ ఒకప్పటి బ్యాకప్. అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఫ్రాంక్ రైక్ కూడా బ్యాకప్పే, పైగా 1993 జనవరిలో బఫెలో తరఫున 35-3తో వెనకబడిన మ్యాచ్‌ను గెలిపించినవాడు. వెంట్జ్ ఆటను ఫోల్స్ మీద రుద్దకుండా, ఫోల్స్‌కు చేతికొచ్చిన ఆటలవైపు ప్లేబుక్‌ను తిప్పారు.

2018 ఫిబ్రవరి 4, మినియాపొలిస్. సూపర్ బౌల్‌లో ఎదురుగా బ్రేడీ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. మొదటి సగం చివర్లో ఈగల్స్ 15-12తో ముందుంది. గోల్ లైన్‌కు గజం దూరం, నాలుగో అవకాశం. బంతిని కాలితో తన్ని ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఫోల్స్ సైడ్‌లైన్‌కొచ్చి ఒక ట్రిక్ ప్లే పేరు చెప్పాడు. పెడర్సన్ క్షణం ఆలోచించి సరేనన్నాడు. బంతి రన్నింగ్‌బ్యాక్ కోరీ క్లెమెంట్‌కు, అతని నుంచి ట్రే బర్టన్‌కు, అతని చేతి నుంచి ఎవరూ పట్టించుకోని ఫోల్స్‌కు. టచ్‌డౌన్, అంటే గోల్ లైన్ దాటినందుకు ఆరు పాయింట్లు. ఆట 41-33తో ముగిసింది. 1960 తర్వాత ఈగల్స్‌కు అదే తొలి టైటిల్. ఆటగాడిగా, హెడ్ కోచ్‌గా రెండు విధాలా సూపర్ బౌల్ గెలిచినవాళ్లు నలుగురే, పెడర్సన్ నాలుగోవాడు. మొదటివాడు టామ్ ఫ్లోరెస్, అతనూ బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌గానే తొలి సూపర్ బౌల్ ఉంగరం అందుకున్నాడు.

స్టార్ల సంగతి వేరు. తొలి రెండు సూపర్ బౌల్‌లు గెలిచిన క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ గ్రీన్ బేకు తొమ్మిది సీజన్లు కోచ్‌గా ఉండి ప్లేఆఫ్స్‌కు (లీగ్ మ్యాచ్‌ల తర్వాతి నాకౌట్ దశకు) చేర్చింది ఒక్కసారే.

అలాగని బెంచి చదువు అన్నిటికీ మందు కాదు. 2020లో నాలుగే మ్యాచ్‌లు గెలిచిన పెడర్సన్‌ను ఈగల్స్ ఇంటికి పంపింది. జాక్సన్‌విల్ జాగ్వార్స్‌కు వెళ్లిన మొదటి ఏడే, ఒక ప్లేఆఫ్ మ్యాచ్‌లో 27-0తో వెనకబడి 31-30తో గెలిపించాడు. 2024లో నాలుగు గెలిచి పదమూడు ఓడిన రికార్డుతో అక్కడా ఉద్యోగం పోయింది. ఫిలడెల్ఫియాలో అతని తర్వాత వచ్చిన నిక్ సిరియాని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2025 ఫిబ్రవరిలో ఈగల్స్‌కు రెండో సూపర్ బౌల్ అతనే తెచ్చాడు. యజమానుల మనసు మాత్రం మారలేదు. ఆ జట్టు అఫెన్స్ నడిపిన కెల్లెన్ మూర్, డెట్రాయిట్‌లోనూ డల్లస్‌లోనూ ఒకప్పటి బ్యాకప్, ఆ వారంలోనే న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ హెడ్ కోచ్ అయ్యాడు.