పడవ రాని లాకు

అమలాపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇలా అడిగారు: "మా అన్నయ్యకు అరవై ఎనిమిదో ఏట పార్కిన్‌సన్స్ అనే వణుకుడు జబ్బు వచ్చింది. దానికి కారణమయ్యే ప్రోటీనే క్యాన్సర్‌కూ కారణమని చదివాను. ఒకటి కణాలు చచ్చిపోయే జబ్బు, రెండోది చావకుండా పెరిగే జబ్బు. రెండింటికీ మూలం ఒకటే ఎలా అవుతుందండీ?"

మాస్టారి అనుమానం న్యాయమైనదే. ఆ ప్రోటీన్ పేరు పార్కిన్. చిన్న వయసులోనే ఈ జబ్బు బారిన పడిన జపాన్ కుటుంబాలను పరిశీలించి 1998లో దాని జన్యువును గుర్తించారు. అయితే చేటు చేసేది పార్కిన్ కాదు, అది లేకపోవడం.

ఈ సంగతి సూక్ష్మదర్శినిలో కంటే గోదావరి కాలువ మీది లొల్ల లాకుల దగ్గర బాగా అర్థమవుతుంది. లాకు అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల తొట్టి. కాలువల్లో పడవలు తిరిగిన రోజులు గుర్తు చేసుకోండి. లాకు తొట్టి పై కాలువ మట్టానికి నిండితేనే పై తలుపులు తెరుచుకుంటాయి, పడవ లోపలికి వస్తుంది. పై తలుపులు మూసి, తొట్టిలో నీటిని కిందికి వదిలితేనే కింది తలుపులు కదులుతాయి. అంతవరకు పదిమంది తోసినా లాభం లేదు, నీటి ఒత్తిడే వాటిని అదిమి పడుతుంది.

కణ విభజనలో ఆ నీరు సైక్లిన్ అనే ప్రోటీన్. 1982లో టిమ్ హంట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సీ అర్చిన్ అనే సముద్రపు ముళ్లజీవి గుడ్లలో దీన్ని చూశాడు: ప్రతి విభజనకూ నిండుతుంది, ఖాళీ అవుతుంది. వాటిలో ఒక రకమైన సైక్లిన్ ఇ నిండితే డీఎన్ఏకు నకలు తీయడం మొదలవుతుంది. ఆ తర్వాత దాన్ని ఖాళీ చేసే లస్కర్లలో, అంటే లాకు పనివాళ్లలో, పార్కిన్ ఒకడు. లస్కరు రాకపోతే తొట్టి నిండే ఉంటుంది, పై తలుపులు బార్లా తెరిచే ఉంటాయి, వేళాపాళా లేకుండా పడవలు దూరుతూనే ఉంటాయి. కణుతి పెరగడానికి అదొక దారి. అయితే ఒకడు మానేసినా పని పూర్తిగా ఆగదు. సైక్లిన్ ఇ విషయంలో ఎఫ్‌బీఎక్స్‌డబ్ల్యూ7 అనే మరో ప్రోటీన్, పెద్ద లస్కరు, వేరే ఉన్నాడు.

పార్కిన్ తానుగా ఏదీ తోడిపోయదు. అది ఇ3 లైగేజ్, అంటే ముడివేయించే ఎంజైమ్. 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ చివరనున్న గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని, పారేయవలసిన ప్రోటీన్‌లోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి ముడివేయిస్తుంది. ఆ యుబిక్విటిన్‌లోని 48వ లైసీన్‌కు మరొకటి, దానికి ఇంకొకటి. ఆ గొలుసును గుర్తుపట్టి, కణంలోని చెత్త యంత్రమైన ప్రోటియాజోమ్ ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. చేయి వణకగానే దిష్టి అనుకుని తాయెత్తు కట్టించే ఇళ్లు మనకు తక్కువేమీ కాదు. కణంలో మాత్రం ఈ యుబిక్విటిన్ తాయెత్తు పడిందంటే ఆ ప్రోటీన్‌కు నూకలు చెల్లినట్టే!

పార్కిన్‌లో ఉన్నవి 465 అమైనో ఆమ్లాలు, ఒక్కోదానికి మూడు డీఎన్ఏ అక్షరాల చొప్పున 1,395 అక్షరాలు చాలు. జన్యువు మాత్రం ఆరో క్రోమోజోమ్ మీద 13 లక్షల అక్షరాలకు పైగా పరుచుకుంది. అదీ క్రోమోజోమ్ తేలికగా తెగే చోట. ఏటిగట్టు బలహీనంగా ఉన్నచోటే గండి పడుతుంది కదా. మెదడు, పెద్దపేగు, ఊపిరితిత్తుల కణుతులు కొన్నింటిలో ఈ ముక్క ఎగిరిపోయి కనిపిస్తుంది.

మరి పార్కిన్‌సన్స్ మాట? అందులో చచ్చిపోయేవి కదలికలను అదుపు చేసే డోపమిన్‌ను తయారుచేసే నాడీకణాలు. అవి విభజన చెందవు. పడవ రాని లాకు అది. అక్కడ ఈ లస్కరు పని గుర్రపుడెక్క తీయడం. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా చెడిపోతే వాటి మీద పింక్1 అనే ప్రోటీన్ పేరుకుని జాడ చెబుతుంది, పార్కిన్ వెళ్లి యుబిక్విటిన్ కట్టి ఏరివేయిస్తుంది. మైటోకాండ్రియాలో తయారయ్యే, కణానికి శక్తిని మోసే ఏటీపీని వెలుగులోకి తెచ్చినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. విభజన చెందే కణాలను అడ్డుకునే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం చలవే. మన పాఠాల్లో మైటోకాండ్రియాకు "శక్తి కేంద్రం" అని ఒక్క ముక్కే దక్కుతుంది.

పడవ రాని లాకులోనూ నీరు చేరవచ్చు. పార్కిన్‌ను తగ్గించిన నాడీకణాలను అతిగా ఉద్దీపన చేస్తే వాటిలో సైక్లిన్ ఇ పేరుకుందని, అవి ఇట్టే చనిపోయాయని 2003లో ఒక ప్రయోగం చూపింది. విభజన చెందే కణాన్ని పరుగెత్తించే నీరే, విభజన మరిచిన కణానికి గోడలు కూల్చింది.

మాస్టారూ, ఇక మీ అన్నయ్యగారి సంగతి. పార్కిన్ జన్యువు రెండు ప్రతులూ చెడి వచ్చే జబ్బు ఎక్కువగా నలభై ఏళ్లలోపే బయటపడుతుంది. ఆయన విషయంలో అది కారణమయ్యే అవకాశం చాలా తక్కువ. పైగా పార్కిన్‌సన్స్ ఉన్నవారిలో మొత్తం మీద చాలా రకాల క్యాన్సర్లు తక్కువగానే కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించేది మెలనోమా అనే చర్మ క్యాన్సర్. ఆయన ఒంటి మీద పుట్టుమచ్చ ఏదైనా రంగు మారినా, పెరిగినా చర్మవైద్యుడికి చూపించండి.