నడుము నొప్పి వెనకాల దాక్కునే ఇన్ఫెక్షన్: ఇంత లేటుగా ఎందుకు బయటపడుతుంది?

మా చిన్నమ్మది పలమనేరు పక్కన పల్లె, నాలుగు పాడావులు, నడుము నొప్పంటే పేడ ఎత్తి ఎత్తి వచ్చిందనే అందరం అనుకున్నాం. నొప్పి మాత్రలతో ఐదు నెలలు గడిచిపోయాయి. జ్వరం పెద్దగా లేదు, కానీ పడుకున్నా నొప్పి తగ్గేది కాదు, మంచం మీంచి లేవాలంటే పక్కకి దొర్లి రెండు చేతులూ మోపి లేచేది. ఎక్స్‌రే తీస్తే నార్మల్ అన్నారు.

ఈ ఆలస్యం పాతదే. గూని, కాళ్లు పడిపోవడం రెండూ ఒకే జబ్బువని (ఇప్పుడు మనం వెన్ను టీబీ అనేది) 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ రాశాడు, కానీ ఆయన చూసింది పూసలు కూలి వీపు వంగిపోయాక. టీబీ క్రిమిని 1882లో రాబర్ట్ కోచ్ పట్టుకున్నాడు. 1895లో ఎక్స్‌రే వచ్చింది, అయితే ఎముకలో ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం పోతేగానీ అందులో తేడా తెలీదు, అంటే మొదట్లో నార్మల్ అని వస్తే జబ్బు లేదని కాదు, ఇంకా కనపడట్లేదని కూడా అయ్యుండొచ్చు, ఈ ఒక్క ముక్క పేషెంట్లకి ఎవరూ చెప్పరు, నాకు బాధంతా అదే.

2022 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లోనే టీబీ ఆస్పత్రి వచ్చింది, అయినా టీబీ అంటే దగ్గే అని మనకు పాతుకుపోయింది, దగ్గు లేకుండా వెన్నులో వస్తుందంటే నమ్మరు.

1980ల్లో ఎంఆర్ఐ వాడకంలోకి వచ్చాక ఎక్స్‌రే కంటే చాలా ముందే తెలుస్తోంది. కాకపోతే చీము ఎక్కడుందో చూపిస్తుందిగానీ ఏ క్రిమిదో ఖాయంగా చెప్పలేదు. దానికి చాలాసార్లు సూదితో అక్కణ్ణుంచి ముక్క తీయాల్సి వస్తుంది, ముందే యాంటీబయాటిక్స్ మింగేసుంటే కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోవచ్చు, టీబీ కల్చర్‌కైతే వారాలు పడుతుంది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓకే చేసిన జీన్ టెస్టు టీబీని గంటల్లో పడుతుంది, పాడి ఊళ్లలో ఉండే ఇంకో దొంగ బ్రూసెల్లాని అది పట్టదు. 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్ కనిపెట్టిన క్రిమి అది, ఆవులకి కడుపు పోయేలా చేస్తుంది, వాటి నుంచి మనుషులకి సోకుతుంది, వెన్నులో చేరితే అచ్చం టీబీలాగే అనిపించగలదు.

చిన్నమ్మకి తిరుపతిలో ఎంఆర్ఐ తీస్తే రెండు పూసల మధ్య చీము. అందరం టీబీ అనే అనుకున్నాం, ఒక డాక్టరు మాత్రం "ఏమ్మా, ఈమధ్య మీ ఆవుల్లో దేనికైనా కడుపు పోయిందా?" అని అడిగాడు. పోయింది సార్, మాయ నేనే చేత్తో తీసినా అనింది. ఆ మాట మీదే బ్రూసెల్లా రక్తపరీక్ష రాశాడు, పాజిటివ్ వచ్చింది.