అదే పాట, మరో గొంతు: రాక్ కవర్ల మీద అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో గిటారు నేర్పుతూ, పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాతో పాలకొల్లు నుంచి రాజోలు దాకా తిరుగుతూ పదిహేడేళ్ళు గడిచాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఏదో ఒక రాక్ పాటను అచ్చం రికార్డులో ఉన్నట్టే వాయించడం నేర్పమని. వాళ్ళ తల్లిదండ్రులు అడిగేది మరొకటి: "ఎవరో చేసిన పాట వాయిస్తే మావాడి గొప్ప ఏముందండీ?" ఒకరు రికార్డు చేసిన పాటను మరొకరు పాడటాన్నీ, వాయించడాన్నీ కవర్ అంటారు. పిల్లల మాటా, పెద్దల మాటా కవర్ల మీద ఉన్న ఒకే అపోహలోంచి పుట్టాయి. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: కవర్ అంటే నకలు.

గోదావరి జిల్లాల వాళ్ళం ఈ మాట అనకూడదు. తీర్థాల్లో తెల్లవార్లూ కూర్చుని పాండవోద్యోగ విజయాల పద్యాలు విన్నవాళ్ళం మనం. వాటిని రాసిన జంట కవులు తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు పుట్టింది కడియంలో, దివాకర్ల వారు పుట్టింది భీమవరం దగ్గరి యండగండిలో. పద్యాలు జనానికి కంఠతా వచ్చు. అయినా రాయబారం ఘట్టంలో కృష్ణుడి వేషధారి పద్యం ఎత్తుకోగానే పందిరి మొత్తం చెవులు రిక్కిస్తుంది. ఈయన రాగం ఎక్కడ సాగదీస్తాడు, ఏ మాట దగ్గర ఆగుతాడు అన్నదే వాళ్ళకు కావాలి. నచ్చితే వన్స్ మోర్ అంటారు. ‘ఇది ఇంతకుముందు ఫలానా ఆయన పాడేశాడు కదా’ అని ఎవరూ లేచి వెళ్ళిపోరు.

రాక్‌లో మంచి కవర్ చేసే పని సరిగ్గా ఇదే. బాబ్ డిలన్ 1967లో ‘ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్’ను కొద్దిపాటి వాద్యాలతో, కథ చెబుతున్నట్టు పాడారు. మరుసటి ఏడాది జిమీ హెండ్రిక్స్ ఆ కథలోని గాలివానను గిటారులోకి తెచ్చారు. ఆ తరువాత కచేరీల్లో డిలన్ తన పాటనే హెండ్రిక్స్ బాణీకి దగ్గరగా పాడటం మొదలుపెట్టారు. నా లెక్కలో రాక్ కవర్లన్నిటికీ ఇది తలమానికం.

అపోహ: మనం మొదట విన్నదే అసలు పాట.

‘ట్విస్ట్ అండ్ షౌట్’ బీటిల్స్‌ది కాదు. 1961లో టాప్ నోట్స్, 1962లో ఐస్లీ బ్రదర్స్ పాడాక, 1963లో బీటిల్స్ దగ్గరికి వచ్చింది. గిటారు నేర్చుకునే ప్రతివాడూ వాయించే ‘ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ పాత జానపద గీతం. యానిమల్స్ బృందం 1964లో దానికి ఇప్పుడు మనకు తెలిసిన రూపం ఇచ్చింది. ‘హౌండ్ డాగ్’ ఎల్విస్ కంటే ముందు బిగ్ మామా థార్న్‌టన్ గొంతులో వచ్చింది. ఆమె పేరు పిల్లలకు తెలియకపోవడం నాకు ప్రతిసారీ బాధ కలిగిస్తుంది.

అపోహ: రికార్డుకు ఎంత దగ్గరగా ఉంటే కవర్ అంత గొప్పది.

యథాతథంగా వాయించడం సాధనకు మంచిది. వేళ్ళు తిరుగుతాయి, చెవి పదునెక్కుతుంది. కానీ అది పాఠం, కచేరీ వేరు. ఇది అర్థం కావడానికి నేను ప్రతి బృందానికీ వినిపించే జంట ఒకటుంది.

1967లో బీటిల్స్ ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ను తమ డ్రమ్మర్ రింగో స్టార్ గొంతు కోసం కట్టారు. ఆయన స్థాయికి తగ్గట్టు చివరి స్వరం తప్ప మిగతా పాట దాదాపుగా ఐదు స్వరాల మధ్యే తిరుగుతుంది. హుషారుగా నాలుగేసి దెబ్బలతో నడిచే చతురస్రం. జో కాకర్ 1968లో దాన్నే నెమ్మది చేసి మూడేసి దెబ్బల తిశ్రంలో పెట్టారు. ఇద్దరి పాటా వినిపిస్తే మా డోలక్ కళాకారుడు, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, నడక ఎక్కడ మారిందో వెంటనే తొడ మీద తట్టి చూపించాడు. భజనల్లో ఆయనకు అలవాటైన నడకే మరి. ఆ నెమ్మదిలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఏర్పడింది. కాకర్ కేక వేసింది ఆ ఖాళీలోనే. రింగో పాటలో స్నేహితులు పక్కన కూర్చుని ఉంటారు. కాకర్ పాటలో వాళ్ళు రాకపోతే మనిషి బతకడు. సాహిత్యం దాదాపు అదే.

అపోహ: అయితే ఎంత మారిస్తే అంత మంచిది.

కాదు. నాకు మింగుడుపడని కవర్లు రెండు ఇక్కడే ఉన్నాయి. డాన్ మెక్లీన్ 1971 నాటి ‘అమెరికన్ పై’ ఎనిమిదిన్నర నిమిషాల పాట. 1959 ఫిబ్రవరి 3న బడ్డీ హాలీతో పాటు మరో ఇద్దరు గాయకులు చనిపోయిన విమాన ప్రమాదం నుంచి ఒక తరం కలలు చెదరడం దాకా సాగుతుంది. 2000లో మడోన్నా దాన్ని దాదాపు సగానికి కుదించి డాన్స్ పాట చేశారు. చరణాలు పోయాక దుఃఖం దేనికో తెలియని పల్లవి మిగిలింది. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి చేరింది. నా అభిప్రాయం మాత్రం మారలేదు.

రెండోది ‘బిహైండ్ బ్లూ ఐస్’. హూ బృందం పాటలో అణచుకున్న కోపం మధ్యలో ఒక్కసారిగా బద్దలవుతుంది. లింప్ బిజ్‌కిట్ 2003లో సరిగ్గా ఆ భాగాన్నే తీసేసి, అక్షరాలు పలికే ఆటబొమ్మ గొంతు పెట్టింది. మార్పు ఉంది, పాట గుండె లేదు.

అపోహ: ‘హల్లెలూయా’ చర్చి పాట.

నా విద్యార్థుల్లో సగం మంది చర్చి గాయక బృందాల నుంచి వచ్చినవాళ్ళే. క్రిస్మస్‌కు ఈ పాట నేర్పమంటారు. లెనార్డ్ కోహెన్ 1984లో దీన్ని బైబిల్లోని దావీదు, బత్షెబ, సంసోను కథల మీద అల్లారు కానీ, చెప్పింది విరిగిన ప్రేమ గురించి. చరణాల అర్థం తెలుగులో చెప్పాక ఆరాధనలో పాడాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయానికే వదిలేస్తాను. కోహెన్ రికార్డును మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1991లో జాన్ కేల్ పియానోతో పాడారు. అది విన్న జెఫ్ బక్లీ 1994లో ఒక్క గిటారుతో పాడారు. పాటను ప్రపంచానికి చేర్చింది కవర్లే.

అర్థం తెలిసి పాడటం అంటే ఏమిటో జానీ క్యాష్ ‘హర్ట్’ చెబుతుంది. రాక్ గాయకుడు ట్రెంట్ రెజ్నర్ ముప్ఫై నిండకముందు రాసిన పాట అది. 2002లో డెబ్బై ఏళ్ళ క్యాష్, కిరీటం గురించిన పంక్తిలో ఒక్క బూతుమాటను తీసి ‘ముళ్ళు’ అన్నారు. పాట చావు అంచున నిలబడిన మనిషిదైపోయింది.

అపోహ: పాట కింద అసలువాళ్ళ పేరు రాస్తే చాలు, అనుమతి అక్కర్లేదు.

చాలదు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేరిన 31సి సెక్షన్ ప్రకారం కవర్ రికార్డు చేయాలంటే, పాట మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం తరువాత ఐదేళ్ళు నిండాలి. ముందుగా తెలియజేయాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలి. లేదా హక్కుదారుతో నేరుగా మాట్లాడుకోవాలి. పెళ్ళి ఊరేగింపులోనూ, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లోనూ వాయించడానికి మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది.

అపోహ: ఎలక్ట్రిక్ గిటారు లేనిదే రాక్ లేదు.

రోలింగ్ స్టోన్స్ 1965 పాట ‘శాటిస్‌ఫ్యాక్షన్’లో అందరికీ తెలిసిన ఆ గిటారు వరుసను కీత్ రిచర్డ్స్ అనుకున్నది బాకాల కోసం. గిటారుతో వాయించింది నమూనాగా మాత్రమే, కానీ అదే విడుదలైపోయింది. అదే ఏడాది ఓటిస్ రెడింగ్ ఆ వరుసను నిజంగానే బాకాలతో వాయింపజేశారు. కిందటి మాఘమాసంలో రామచంద్రపురం వైపు ఒక పెళ్ళిలో, భోజనాల విరామంలో, బ్యాండు మేళం ట్రంపెట్ ఆయనకు ఆ వరుస గిటారు మీద వినిపించాను. ఆయన ఆ పాట ఎప్పుడూ వినలేదు. రెండుసార్లు విని, మూడోసారి అందుకుని, చివరి స్వరాన్ని సన్నాయి పద్ధతిలో కొంచెం ఊపి వదిలాడు. ఆ ఊపు నాకు గిటారు మీద ఇంకా పట్టుబడలేదు. రోజూ కాసేపు దాని మీదే కూర్చుంటున్నాను.