బెరడు మందం, నిమిషాల లెక్క

సిరొంచ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా అడవి దాదాపు ప్రతి ఎండాకాలం అంటుకుంటుంది. తొలకరి పడగానే మళ్లీ పచ్చబడుతుంది. మరి కార్చిచ్చు, వాతావరణ మార్పు అంటూ ఇంత టెన్షన్ ఎందుకు సార్?"

ప్రశ్న నాకు బాగా నచ్చింది. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన, తెలుగు, మరాఠీ, గోండి కలిసి వినిపించే చోటు అది. అక్కడివాళ్లు అడవిని రోజూ చూస్తారు. చూసేదాన్ని కాదనలేం. అడవి నిజంగానే పచ్చబడుతుంది. కానీ పచ్చబడినది ఏమిటన్నదే అసలు సంగతి.

నిప్పు ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇప్పపూలు కనపడాలని చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికికి లేత చిగురు వస్తుందని పొదలకు అంటిస్తారు. వెదుళ్లు రాసుకుని అడవి అంటుకుంటుందని బళ్లో చెబుతుంటారు గానీ, పిల్లలకు ముందు అగ్గిపెట్టె సంగతి చెప్పాలి. మన దేశపు అడవుల్లో నిప్పుకు కారణం దాదాపు ఎప్పుడూ మనిషే.

ఇక నాకిష్టమైన భాగం, బెరడు. చెట్టుకు ప్రాణం బెరడు కిందున్న పల్చటి పొరలో ఉంటుంది. పేరు కాంబియం. అది దాదాపు 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చచ్చిపోతుంది. మాను చుట్టూ ఆ పొర చస్తే, నేల పైనున్న చెట్టూ పోతుంది. కాబట్టి బయటి వేడి లోపలికి చేరడానికి ఎంతసేపు పడుతుందన్నదే ప్రశ్న. పల్చటి అట్టు నిమిషంలో కాలుతుంది. దిబ్బరొట్టె అలా కాదు. రెట్టింపు మందం పోస్తే రెట్టింపు సేపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. పైన మాడినా నడుమ పచ్చిగానే ఉంటుంది. వంటింట్లో ఆ పచ్చి మిగిలితే తిట్లు, చెట్టుకు మాత్రం అది మిగలడమే బతుకు. వేడి ప్రసరించే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అటవీ శాస్త్రంలో ఒక సూత్రం ఉంది: బెరడు మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, 2.9తో గుణిస్తే చెట్టు తట్టుకునే నిమిషాలు వస్తాయి. అర సెంటీమీటరుకు ముక్కాలు నిమిషం లోపు. ఒక సెంటీమీటరుకు సుమారు మూడు నిమిషాలు. రెండైతే పదకొండున్నర. ఈ సూత్రం అమెరికా చెట్ల మీద కట్టింది. మన చెట్లకు ఆ 2.9 మారవచ్చు, వర్గం మాత్రం మారదు.

ఎండాకు మంట ఒకచోట నిలిచేది నిమిషం అటూఇటూ. అందుకే మొసలి వీపులా పగిలిన మందపాటి బెరడున్న నల్లమద్దికి ఏమీ కాదు. వేలెడు లావు టేకు మొక్క మాత్రం నేల వరకూ చస్తుంది. మట్టి కింద వేడి దిగదు గనుక వేరు బతికి, వానకు మళ్లీ చిగురిస్తుంది. మరుసటి ఏడు మళ్లీ కాలుతుంది. వేరు ఎన్నేళ్లదైనా పైన మొక్క మోకాలెత్తే. మీకు కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఇదే. వరసగా కొన్నేళ్లు మంట తగలకపోతేనే దాని బెరడు మందమెక్కుతుంది. ఆ విరామం దొరకని అడవిలో తాతలుంటారు, మనవలుండరు.

వాతావరణ మార్పుతో ముదిరే ఎండల సంగతి ఇక్కడే వస్తుంది. 40 డిగ్రీల గాలి పట్టగల నీటి ఆవిరి పీడనం 7.4 కిలోపాస్కల్స్, 43 డిగ్రీలకు 8.6. గాలిలో తేమ పెరగకుండా వేడి మాత్రమే మూడు డిగ్రీలు పెరిగితే, దాని దాహం ఆ మేరకు పెరుగుతుంది. పల్చటి ఎండాకు గంటలోనే గాలికి తగ్గట్టు ఆరిపోతుంది, మునుపూ అంతే. తేడా పడిపోయిన మానులతో. అవి ఆరడానికి వారాలు కావాలి. వేసవి సాగితే ఆ వారాలూ దొరుకుతాయి. ఆరిన దుంగ నిమిషం కాదు, గంటల తరబడి కణకణలాడుతుంది. అది నల్లమద్ది మొదలుకు ఆనుకుని ఉంటే పదకొండున్నర నిమిషాల బెరడు ఏం ఆపుతుంది? ఇన్నాళ్లూ బతికిన తాతలకు గండం అక్కడ.

అలాగని నిప్పునే నిషేధిస్తే సరిపోదు. బర్మా టేకు అడవుల్లో నిప్పు నుంచి కాపుదల మరీ ఎక్కువైందని స్లేడ్ అనే అటవీ అధికారి 1896లోనే వాదించాడు. కర్ణాటక బిలిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు వేసే చిన్న ఆకు మంటలు ఆగాక లంటానా అనే కలుపు పొద అల్లుకుపోయింది. గడ్డి మైదానాల్లోనైతే నిప్పు లేకుంటే పొదలు గడ్డిని మింగేస్తాయి.

నా ఓటు తేదీకి. గడ్డిలో ఇంకా తడి ఉన్న డిసెంబరు, జనవరిల్లో అటవీ సిబ్బంది, ఊరివాళ్లు కలిసి చిన్న చిన్న ముక్కలుగా కాల్చాలి. ఒకే ముక్కను ఏటా కాల్చకూడదు, మొక్కలున్న చోటికి కొన్నేళ్లు సెలవివ్వాలి. పెద్ద చెట్ల మొదళ్ల దగ్గరి దుంగలు ముందే దూరంగా లాగేయాలి. ఉపగ్రహ హెచ్చరికలు పనికొస్తాయి గానీ, వాటిలో మంటలను పట్టే విర్స్ పరికరం చూసే ఒక్కో చుక్క నేల మీద 375 మీటర్ల వెడల్పు. చెట్ల కింది సన్నటి మంట దాని కంటికి తప్పించుకోగలదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గడ్చిరోలిలో చాలా గ్రామసభలు తునికాకు తామే అమ్ముకుంటున్నాయి, కాబట్టి కాపలా వాళ్లకే లాభం. తునికి పొదను కత్తితో నరికినా చిగురు వస్తుంది. ఇప్ప కింద చీపురు చాలు, లేదంటే వల పరచవచ్చు. ఊడ్చిన ఆకును మాత్రం చెట్టు మొదట్లో కుప్ప పోయకండి.